ఇరవై అయిదు అట్టబిళ్లలు

2005 సెప్టెంబరు 19, సోమవారం ఉదయం అయిదూ యాభైకి పాత పోస్టాఫీసు దగ్గరున్న గురునాథరావు తుపాకుల దుకాణంలోకి నీళ్లు వచ్చాయి. వాన అప్పటికి రెండు రోజులుగా పడుతోంది. సముద్రం పోటు మీద ఉంది. గెడ్డ నీరు సముద్రంలోకి దిగలేక వెనక్కి తన్ని, దుకాణం షట్టరు కింద నుంచి లోపలికి దూరింది. మంగళవారం మధ్యాహ్నానికి గాని నీళ్లు తగ్గలేదు.

నీళ్లు తగ్గాక శ్రీరామ్మూర్తి టేపు పట్టుకొని గోడ మీది మరక ఎత్తు కొలిచాడు. ఇరవై ఆరు అంగుళాలు. తర్వాత అరలు కొలిచాడు. మొదటిది పది, రెండోది ఇరవై రెండు, మూడోది ముప్పై నాలుగు. ఇనప బీరువాలో తుపాకులు పైన ఉన్నాయి, వాటికేం కాలేదు. కింది రెండు అరల్లో ఉన్నవన్నీ మునిగాయి. తుపాకీ మందు డబ్బాలు నాలుగు, ఆ మందు అంటించే క్యాపుల పెట్టెలు, ఇత్తడి ఖాళీ తూటాలు, సీసపు గుళ్ల సంచులు, ఫెల్టు బిళ్లలు.

శ్రీరామ్మూర్తికి అరవై రెండేళ్లు. ఆ దుకాణంలో తూటాలు నింపడం అతని పని. గురునాథరావు తండ్రి హయాంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లయింది. పంట కాపలాకి లైసెన్సున్న రైతులు పేల్చేసిన ఇత్తడి తూటాలు తెచ్చి ఇస్తారు. అతను పాత క్యాపు తీసి కొత్తది దిగ్గొట్టి, మందు పోసి, ఫెల్టు బిళ్ల పెట్టి, గుళ్లు వేసి, పైన గుండ్రటి అట్టబిళ్ల అమర్చి, చుట్టూ లక్కతో మూస్తాడు. అట్టబిళ్ల మీద రెండు గుర్తులుంటాయి. గుళ్ల సైజు ఒకటి, 'శ్రీ' అనే అక్షరం ఒకటి.

ఆ అక్షరం రాయడం 1994లో మొదలైంది. ఆ ఏడాది నర్సీపట్నం వైపు రైతు ఒకడు ఎడమ చేతికి కట్టుతో వచ్చి దుకాణం ముందు కూర్చున్నాడు. గొట్టం చీలి మూడు వేళ్లు పోయాయి. తూటా ఇక్కడిదేనన్నాడు. ఇక్కడిది కాదని రుజువు చెయ్యడానికి గురునాథరావు తండ్రికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటి నుంచి తన చేత్తో నింపిన ప్రతి తూటా మీదా శ్రీరామ్మూర్తి 'శ్రీ' అని రాస్తున్నాడు. పని లేని రోజుల్లో ముందుగానే వందలకొద్దీ బిళ్లలు రాసి బిస్కెట్ల డబ్బాలో వేసి పై అరలో పెట్టుకుంటాడు. ఆ డబ్బా తడవలేదు.

మంగళవారం అతను టేపు చుట్టేసరికి కాసులమ్మ వీధి కుళాయి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి, గుళ్లూ ఇత్తడీ ఉన్న గంగాళంలో పోస్తోంది. కాసులమ్మది జాలరిపేట. రోజూ పొద్దున్న దుకాణం తుడిచి వెళ్తుంది, ఈ వారం మాత్రం చీకటి పడేదాకా ఉంటోంది.

"ఇంకా నీళ్లా?" అన్నాడు గురునాథరావు. "ఒకటిన్నర రోజు నానింది చాల్లేదా నీకు?"

"ఇయి ఉప్పునీళ్లు బాబూ. మంచినీట కడక్కపోతే రేపటికి సిలుమెక్కిపోద్ది. మా బోటు ఇంజినీ అలగే కడుగుతాం."

"వాన నీళ్లు ఉప్పగా ఎందుకుంటాయే?"

"నాకి సూడండి."

గురునాథరావు నాకలేదు. శ్రీరామ్మూర్తి తడి సంచికి వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"కడగనియ్యండి బాబూ," అన్నాడు. "ఇత్తడి, సీసం కడిగితే దక్కుతాయి. మందు, క్యాపులు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. క్యాపులేవి?"

క్యాపులు అరలో లేవు. పై అంతస్తులో గురునాథరావు కాపురం. శ్రీరామ్మూర్తి మెట్లెక్కి వెళ్లేసరికి గురునాథరావు భార్య సూర్యకాంతమ్మ వంటింట్లో ఉంది. ఫ్రిజ్ వెనక, వేడిగాలి వచ్చే చోట, పీట మీద చాట ఉంది. చాటలో వెయ్యికి పైగా క్యాపులు పరిచి ఉన్నాయి. పక్క చాటలో వడియాలు ఉన్నాయి.

"అమ్మా, ఇదేటి?"

"ఎండ లేదు కదా మూర్తీ. ఇక్కడ రెండు గంటల్లో ఆరిపోతాయి. నిన్నటి వడియాలు చూడు, గలగలమంటున్నాయి."

"వడియాలు పేలవమ్మా."

"ఇవి మాత్రం ఎందుకు పేలతాయి, తడిసి ఉంటే?"

"ఆరితే పేలతాయని కదా ఆరబెట్టారు?"

సూర్యకాంతమ్మ స్టవ్ ఆపేసింది. శ్రీరామ్మూర్తి చాటను రెండు చేతులతో ఎత్తి, ఒక్కొక్క మెట్టే దిగి కిందికి తెచ్చాడు. పద్దెనిమిది మెట్లు.

బుధవారం పొద్దున్న పైడయ్య వచ్చాడు. ఎలమంచిలి దగ్గర అతనికి మూడెకరాల చెరుకు ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ దుకాణానికి వస్తున్నాడు. వెంట బావమరిది సింహాద్రి ఉన్నాడు. తుపాకీ పైడయ్యది, లైసెన్సులో కాపలా మనిషిగా సింహాద్రి పేరుంది. వానకి కంచె కొట్టుకుపోయి తోటలోకి అడవి పందులు దిగాయి. పంపుసెట్టు మోటారు కూడా మునిగింది. దాన్ని కంచరపాలెంలో రీవైండింగుకి ఇచ్చి వచ్చారు.

"పాతిక తూటాలు గావాల మూర్తి బావా," అన్నాడు పైడయ్య. "ఎస్‌జీ సైజు, పెద్ద గుళ్లు. రాత్రికి రాత్రి పావెకరం నమిలేసినాయి."

"ఈ వారం లేవు బావా. మందు తడిసిపోయింది. కొత్త సరుకు రావాల."

"వారమా? వారానికి సెరుకు ఉండదు, పిప్పి ఉంటది."

గురునాథరావు కల్పించుకున్నాడు. "సాయంత్రం రా పైడయ్యా. చూద్దాం."

వాళ్లు వెళ్లాక శ్రీరామ్మూర్తి చాటలోంచి పది క్యాపులు ఏరి, ఖాళీ తూటాలకి దిగ్గొట్టి, ఒక్కొక్కటే తుపాకీలో పెట్టి నొక్కాడు. ఏడు పేలాయి. మూడు పేలలేదు.

"పదికి ఏడు!" అన్నాడు గురునాథరావు. "ఫస్టుక్లాసు కదండీ."

"ఏ ఏడు బాబూ?"

"ఇప్పుడు పేలాయి కదా, అవి."

"అవి పేలిపోయాయి. ఇంక లేవు. చాటలో ఉన్నవాటిలో ఏవి పేలతాయో చెప్పండి."

"పదికి ఏడు పేలతాయి."

"ఏ ఏడు?"

"మూర్తిగారూ, మీతో ఇదే వచ్చిన చిక్కు. కాలేజీ లెక్చరర్‌లా మాట్లాడతారు. పేలకపోతే పేలదు, ఇంకోటి పెట్టి కొట్టుకుంటాడు. కొంప మునిగిందా?"

"అస్సలు పేలకపోతే ఫరవాలేదు. సగం పేలితేనే చిక్కు. గుళ్లు గొట్టం మధ్యలో ఆగిపోతాయి. కాల్చినవాడికి తెలియదు. వెనకాల ఇంకోటి పెట్టి కొడితే గొట్టం చీలుతుంది. నర్సీపట్నం మనిషిని మీరు చూశారు."

"ఆ తూటా మనది కాదు."

"అందుకే మనం బతికాం."

మందు డబ్బాల దగ్గర మళ్లీ మొదలైంది. మూడు డబ్బాల్లో మందు ముద్ద కట్టింది. శ్రీరామ్మూర్తి వాటిని నీళ్ల పీపాలో కుమ్మరించి కర్రతో కలిపాడు. నాలుగో డబ్బాని గురునాథరావు చేత్తో అడ్డుకున్నాడు.

"దీని మూత గట్టిది. లోపలికి చుక్క పోలేదు. పైన చూడండి, పొడిగా ఉంది."

శ్రీరామ్మూర్తి లోపలికి వేళ్లు పెట్టి అడుగు నుంచి చిటికెడు తీశాడు. మందు రెండు వేళ్ల మధ్య అంటుకుంది.

"పొడి మందు అంటుకోదు బాబూ."

"మీ వేళ్లే తడిగా ఉన్నాయి."

శ్రీరామ్మూర్తి వేళ్లు పంచెకు తుడుచుకొని మళ్లీ తీశాడు. మళ్లీ అంటుకుంది.

"ఆ పంచె కూడా తడే," అన్నాడు గురునాథరావు.

"అయితే మీరు తీసి చూడండి."

"నాకెందుకు, నాకు కనపడుతోంది కదా పొడిగా ఉందని."

ఇలా పావుగంట నడిచింది. చివరికి గురునాథరావు, "సరే, దీన్నీ పీపాలో వేసేస్తాను, నేను వేస్తాను. చాటలో క్యాపులూ వేసేస్తాను. మీరింక ఇంటికెళ్లండి. మీ ఇల్లు కారుతోందన్నారు కదా," అన్నాడు. కంచరపాలెంలో శ్రీరామ్మూర్తి ఇంటి కప్పు రెండు చోట్ల కారుతున్న మాట నిజం. అతను నాలుగున్నరకు వెళ్లిపోయాడు. నాలుగో డబ్బా పీపాలో పడడం అతను చూడలేదు.

గురువారం ఉదయం సరుకు తడిసిందని లైసెన్సుల ఆఫీసులో ఉత్తరం ఇవ్వడానికి గురునాథరావు అతన్నే పంపాడు. గుమాస్తా ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"మందు పన్నెండు కిలోలని రాశారు. తడిసిన బరువా, పొడి బరువా?"

"పొడి బరువండి. తడవకముందుది."

"ఇప్పుడు తడిసింది కదా. తడిసిన బరువు ఎంత?"

"నీళ్లలో కలిపేశాం. పీపాడు ఉంది."

"పీపా బరువు ఎంత?"

శ్రీరామ్మూర్తి ఉత్తరం నకలు ముందుకి జరిపాడు. గుమాస్తా దాని మీద ముద్ర వేసి ఇచ్చాడు. అతను దుకాణానికి తిరిగి వచ్చేసరికి పదకొండూ ఇరవై. గురునాథరావు లేడు, బ్యాంకుకి వెళ్లాడు. శ్రీరామ్మూర్తి పై అర చూశాడు. బిస్కెట్ల డబ్బా మూత వంకరగా ఉంది. అతను మూత ఎప్పుడూ వంకరగా పెట్టడు. డబ్బా దింపి బిళ్లలు లెక్కపెట్టాడు. రెండు వందలు ఉండాలి. నూట డెబ్బై అయిదు ఉన్నాయి.

కాసులమ్మ గుమ్మంలో ఇత్తడి తూటాలు గుడ్డతో తుడుస్తోంది.

"కాసులమ్మా, ఈ డబ్బా ఎవరు తీశారు?"

"బాబుగారే. నిన్న మీరెల్లిపోనాక కూకొని సేసినారు, మీరు సేసినట్టే. లక్క మూతికంటుకుపోతే కిరసనాయిలు అడిగినారు. సీకటడకుండా పైడయ్య బాబొచ్చి పట్టుకెల్లిపోనాడు."

"నాలుగో డబ్బా?"

కాసులమ్మ గడ్డంతో బల్ల కిందికి చూపించింది. డబ్బా అక్కడే ఉంది, సగం ఖాళీగా. చాటలోనూ క్యాపులు అలాగే ఉన్నాయి.

శ్రీరామ్మూర్తి డబ్బాని, చాటని పీపాలో కుమ్మరించాడు. బిళ్లలు జేబులో వేసుకున్నాడు. పైడయ్య ఊరి పంచాయతీ ఫోనుకి కొట్టాడు. ఆ లైను సోమవారం నుంచి పలకడం లేదు. రీవైండింగు షాపుకి కొట్టాడు. మోటారు పది గంటలకే తీసుకెళ్లాడని చెప్పారు. ఆటో ఎక్కి ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్సుకి వెళ్లాడు.

పైడయ్య ఎలమంచిలి బస్సు ఆగే చోట గోనెసంచిలో చుట్టిన మోటారు మీద కూర్చొని ఇడ్లీ తింటున్నాడు. హైవే మీద గండి పడి బస్సులు ఆలస్యంగా నడుస్తున్నాయి.

"మూర్తి బావా! నువ్వేటి ఇక్కడ? రా, ఇడ్లీ తిను."

"ఆ తూటాలు ఇలా ఇచ్చీ బావా."

"ఇచ్చీడమేటి? కొనుక్కున్నాను."

"అవి నాను నింపలేదు."

పైడయ్య వేలు నాక్కొని సంచిలోంచి ఒక తూటా తీసి అతని కళ్ల ముందు పెట్టాడు.

"ఇదేటి?"

"శ్రీ."

"ఎవులు రాసినారు?"

"నానే."

"మరి?"

"రాసింది నానే. నింపింది నాను కాదు."

పైడయ్య పక్కనున్న ముసలాయన వైపు తిరిగాడు. "సూసినావా తాతా, ఈ ఇడ్డూరం? పదేళ్ల నుంచి ఈయనే సెప్తన్నాడు. 'శ్రీ' ఉంటే కళ్లు మూసుకొని నొక్కు, లేకపోతే ముట్టుకోకు అని. ఇప్పుడు 'శ్రీ' ఉంది కాబట్టి ముట్టుకోకంటన్నాడు."

"ఆయన్నెందుకు మధ్యన పెడతావు? మందు తడిసింది బావా. క్యాపులు తడిసినాయి. మా బాబుగారు నా బిళ్లలు తీసి పెట్టేశారు."

"నీ సంతకం నువ్వు డబ్బాలో పోసుకుని కూకుంటే ఆయన తీయక ఏటి సేస్తాడు?"

శ్రీరామ్మూర్తి తూటా తీసుకొని బొటనవేలితో అంచు చూపించాడు. లక్క అట్టబిళ్ల మీదికి పాకి 'శ్రీ' సగం కప్పేసింది.

"పదేళ్లలో నా లక్క అక్షరం మీద పడడం ఎప్పుడైనా చూశావా?"

పైడయ్య తూటాని అటూ ఇటూ తిప్పాడు. సంచిలోంచి ఇంకొకటి తీశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత సంచి మొత్తం ఇచ్చేశాడు.

"అయితే మా పందులకి ఏటి సమాదానం సెప్పమంటావు?"

శ్రీరామ్మూర్తి లెక్కపెడుతున్నాడు. ఇరవై ఒకటి ఉన్నాయి.

"మిగతా నాలుగు?"

"సింహాద్రి పట్టుకెల్లినాడు. నిన్న సాయంత్రం పాసింజరు రైలుకే ఎల్లిపోనాడు. రాత్రి మంచె మీద కూకుంటానని."

బస్సు పన్నెండూ నలభైకి కదిలింది. శ్రీరామ్మూర్తి కూడా ఎక్కాడు. గండి దగ్గర ఒకే వరసలో బళ్లు వదులుతున్నారు. బస్సు గంటా పది నిమిషాలు ఆగింది. అతను రెండుసార్లు దిగి ముందుకి నడిచి చూసి వచ్చాడు. రెండోసారి కండక్టరు, "మాస్టారూ, మీరు చూసినంత మాత్రాన అది పూడుకుపోదు, ఎక్కండి," అన్నాడు.

"సింహాద్రి కాల్చేసుంటాడా?" అని అడిగాడు పైడయ్యని.

"పంది వస్తే కాలస్తాడు. రాకపోతే నిద్దరోతాడు. ఆడి సంగతి నీకు తెల్దు."

ఎలమంచిలిలో దిగేసరికి మూడూ యాభై అయిదు. అక్కణ్నుంచి ఊరు ఆరు కిలోమీటర్లు. ఆటోవాడు మోటారు వద్దన్నాడు. పైడయ్య మోటారు లేకపోతే రానన్నాడు. శ్రీరామ్మూర్తి మోటారుని తన ఒళ్లో పెట్టుకుంటానన్నాడు. అలాగే వెళ్లారు.

వాళ్లు వెళ్లేసరికి సింహాద్రి వాకిట్లో నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. పది వేళ్లూ ఉన్నాయి. తుపాకీ గోడకి ఆనించి ఉంది. శ్రీరామ్మూర్తి మోటారు దించి అరుగు మీద కూర్చున్నాడు.

"రాత్రి కాల్చావా?"

"ఏటి కాలస్తాను!" అన్నాడు సింహాద్రి. "మూర్తి మావా, నువ్వొచ్చినావు గాబట్టి సెప్తన్నాను, నీకు ముసిల్తనం వొచ్చేసింది. ఒకటి నొక్కితే టిక్ మన్నాది. అంతే. పంది నా ఏపు సూసి మల్లీ సెరుకు నమిలినాది."

"తర్వాత?"

"రెండోది పెట్టినాను. ఫుస్ మన్నాది. మా యమ్మ దగ్గే అంతకన్నా గట్టిగుంటది. పంది ఇంక సూడనుకూడా సూడలేదు. దాని పిల్లల్ని కూడా పిలిసినాది."

"గుళ్లు ఎక్కడ పడ్డాయి?"

"ఎక్కడ పడ్డాయో ఎవులికి తెలుసు. పందికైతే తగల్లేదు."

"తర్వాత ఇంకోటి కాల్చావా?"

"లేదు. అది ఎల్లిపోనాది. మూడోది ఇప్పుడే ఎక్కించి ఉంచినాను, ఈ రాత్రికి."

శ్రీరామ్మూర్తి లేచి తుపాకీ అందుకున్నాడు. గొట్టం నేల వైపు పెట్టి మడత విప్పాడు. మూడో తూటా తీసి జేబులో వేసుకున్నాడు. సింహాద్రి లుంగీ మడతలోంచి నాలుగోది తీసి ఇచ్చాడు. పేలని మొదటిది చూరులోంచి తీసి ఇచ్చాడు. రెండోది ఖాళీ ఇత్తడి. లోపల నల్లగా, తడిగా, మందు ముద్దలా అంటుకొని ఉంది. ఇరవై అయిదూ దొరికాయి.

అతను గొట్టాన్ని పడమటి వైపు ఎత్తి లోపలికి చూశాడు. తుపాకీని సింహాద్రికి ఇచ్చాడు.

"నువ్వు చూడు."

సింహాద్రి ఒక కన్ను మూసి చూశాడు.

"సీకటిగున్నాది."

"సూర్యుడి ఏపు పెట్టి చూడు."

"సూర్యుడి ఏపే పెట్టినాను."

పైడయ్య తుపాకీ లాక్కొని చూశాడు. దాన్ని మంచం మీద పెట్టాడు. సింహాద్రి భార్య దేవి గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, ఒక కంచం తే," అన్నాడు శ్రీరామ్మూర్తి. "గొట్టం తుడిచే కర్ర కూడా."

కంచాన్ని కింద పెట్టి, గొట్టాన్ని నిలబెట్టి, మూతి వైపు నుంచి కర్ర దింపాడు. రెండు అడుగులు దిగి కర్ర ఆగింది. అరచేత్తో మెల్లగా నొక్కాడు. ముందు ఫెల్టు బిళ్ల పడింది. తర్వాత గుళ్లు పడ్డాయి. సింహాద్రి పైకే లెక్కపెట్టాడు. తొమ్మిది. నాలుగూ యాభై అయిదుకి అట్టబిళ్ల పడింది. దేవి దాన్ని వేలితో వెల్లకిలా తిప్పింది. లక్క కింద 'ఎస్‌జీ', పక్కన 'శ్రీ' ఉన్నాయి.